మాట ఖర్చు ఎవరి ఖాతాలో?

పొల్లాచ్చిలో చేసిన నారాయణస్వామి నాయుడు స్మారకోపన్యాస పాఠం

1970 జూన్ 19న పెరుమానల్లూరులో పోలీసు కాల్పులకు ముగ్గురు రైతులు చనిపోయారు. ఆ ఊరు ఇప్పుడు తిరుప్పూర్ జిల్లాలో ఉంది. వాళ్లు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బావి మోటారుకు వాడే కరెంటు మీద ప్రభుత్వం యూనిట్‌కు పెంచిన పైసలు తగ్గించమన్నారు. ఆ పోరాటానికి ఊపిరి పోసిన మనిషి సి. నారాయణస్వామి నాయుడు. కోయంబత్తూరు పక్కన వైయంపాళయంలో 1925లో, కమ్మవారి ఇంట పుట్టారు. ఈ కొంగునాడు నేలమీద ఎన్నో తరాలుగా తెలుగు మాట్లాడుకుంటూ, తమిళంలో సభలు నడుపుతూ, నల్లరేగడిలో బావులు తవ్వుకుంటూ బతికిన వేల కుటుంబాల్లో వాళ్లదొకటి.

ఆయన పేరు దేశమంతా వినబడింది 1972లో. కరెంటు ధర మళ్లీ పెరిగింది. రైతులు ఎడ్లబండ్లు కట్టుకుని కోయంబత్తూరు వచ్చారు. వీధుల్లో బండ్లు నిలబెట్టి ఎడ్లను విప్పేశారు. బస్సు కదలలేదు, కారు కదలలేదు, ఊరు ఊరంతా నిలిచిపోయింది. ఆయన నడిపిన సంఘం కోర్కెల పట్టీ ఇప్పుడు చదివినా ఒకటి తెలుస్తుంది: అందులో ఆవేశం కంటే లెక్క ఎక్కువ. కరెంటు ధర ఎంత, సహకార సంఘం అప్పు ఎంత, పంటకు వచ్చేది ఎంత. ఆ లెక్కను వేదిక మీద చెప్పడమే ఆయన వక్తృత్వం. చెప్పినందుకు జైలుకు వెళ్లారు. 1984 డిసెంబరులో, ఎన్నికలకు రెండు మూడు రోజుల ముందు, ప్రచారంలో ఉండగానే కోవిల్‌పట్టిలో కన్నుమూశారు.

రాజకీయ నాయకుల భాష గురించి చర్చ వస్తే అందరూ మర్యాద దగ్గరే ఆగిపోతారు. ఫలానా నాయకుడు బూతు అన్నాడు, ఫలానావాడు వేలు చూపించాడు, పూర్వం ఇలా ఉండేది కాదు. మర్యాద ముఖ్యమే, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ మెత్తగా మాట్లాడి జనాన్ని ముంచినవాళ్లున్నారు, గట్టిగా మాట్లాడి జనం కోసం నిలబడ్డవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ప్రసంగం మరో ప్రశ్న అడుగుతుంది. నాయకుడు ఒక మాట అన్నాక దాని ఖర్చు ఎవరు భరించారు? అన్నవాడా, విన్నవాడా, అసలు అక్కడ లేని మూడో మనిషా? నారాయణస్వామి నాయుడి తరాన్నీ ఈ తరాన్నీ కొలవడానికి ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద లేదు.

ఆ కొలబద్దతో ముందు చూడవలసింది పొల్లాచ్చి మనిషినే. సి. సుబ్రమణ్యం 1910లో పొల్లాచ్చి పక్కన సెంగుట్టైపాళయంలో పుట్టారు. దేశానికి ఆయన హరిత విప్లవం తెచ్చిన ఆహార మంత్రి. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం తెప్పించారు. ఢిల్లీలో తన బంగళా ముందున్న పచ్చికబయలును దున్నించి అందులో కొత్త గోధుమ వేయించారు. వద్దన్నవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు ఆ మడి. 1998లో భారతరత్న వచ్చింది. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. ఈ సభ గుర్తుచేసుకోవలసింది మాత్రం 1965 ఫిబ్రవరి.

ఆ ఏడాది జనవరి 26 నుంచి హిందీ ఏకైక అధికార భాష అవుతుందన్న భయంతో మద్రాసు రాష్ట్రం రగిలిపోయింది. మదురైలో విద్యార్థుల ఊరేగింపు దగ్గర మొదలైన గొడవ రాష్ట్రమంతా పాకింది. ముఖ్యమంత్రి భక్తవత్సలం అణచివేతనే నమ్ముకున్నారు. కేంద్రంలో మంత్రిగా ఉన్న సుబ్రమణ్యం, సహాయమంత్రి ఓ. వి. అళగేశన్ ఫిబ్రవరి 11న రాజీనామా చేశారు. హిందీతో పాటు ఇంగ్లీషూ కొనసాగుతుందని నెహ్రూ ఇచ్చిన హామీకి చట్టం అండ ఉండాలన్నది వాళ్ల వాదం. ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ఆ రాజీనామాలను ఆమోదించమని రాష్ట్రపతికి పంపారు. తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన రాధాకృష్ణన్ అప్పుడు రాష్ట్రపతి. ఆయన ఒప్పుకోలేదు, ఆలోచించుకోమన్నారు. ఆ రాత్రే శాస్త్రి రేడియోలో మాట్లాడి, హిందీ మాట్లాడని రాష్ట్రాలకు నెహ్రూ ఇచ్చిన మాటను నిలబెడతామని హామీ ఇచ్చారు. రాజీనామాలు వెనక్కి వచ్చాయి.

మర్నాడు, ఫిబ్రవరి 12న, పొల్లాచ్చి వీధుల్లో కాల్పులు జరిగాయి. మనుషులు చచ్చిపోయారు. అప్పుడు లోక్‌సభలో పొల్లాచ్చి సభ్యుడు ఎవరు? 1962లో ఇక్కడి నుంచే గెలిచిన సుబ్రమణ్యమే. పదవి వదులుకుంటానని ఆయన అన్న మాట ఢిల్లీని కదిలించింది. ఆ కదలిక ఆయన సొంత నియోజకవర్గానికి చేరేలోపే తుపాకీ పేలింది. దీన్ని ఆయన తప్పుగా చూడడం అన్యాయం. కానీ కదలిక ఒక రోజు ముందు వచ్చి ఉంటే పొల్లాచ్చిలో కొన్ని ఇళ్లు చీకటి కాకుండా ఉండేవేమో అనుకోకుండా ఆ రెండు తేదీలను పక్కపక్కన చదవలేం. నాయకుడి మాటకు సమయం కూడా ఉంటుంది. ఆలస్యమైన మాట ఖర్చు వీధిలో ఉన్నవాడి మీద పడుతుంది.

1967లో కాంగ్రెస్ ఓడింది, సుబ్రమణ్యం కూడా ఓడారు. హరిత విప్లవానికి విత్తనం వేసిన ఆహార మంత్రిని బియ్యం కొరతే ముంచింది. ఆ ఎన్నికల్లో అణ్ణాదురై రూపాయికి మూడు పడుల బియ్యం అన్నారు. ఆ నినాదంలో ఒక నిజాయితీ ఉంది: మూడు పడులు లక్ష్యం, ఒక పడి నిశ్చయం అని రెండు ముక్కలుగా చెప్పారు. గెలిచాక మద్రాసులోనూ కోయంబత్తూరులోనూ రూపాయికి ఒక పడి ఇచ్చారు. ఏది ఆశ, ఏది హామీ అని ఓటరుకు ముందే విడదీసి చెప్పిన ఎన్నికల వాగ్దానం భారత రాజకీయాల్లో అరుదు. 1983లో ఎన్‌టీ రామారావు రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు తెలుగు పత్రికలు అణ్ణాదురైని తలుచుకోవలసింది.

కానీ అణ్ణా చనిపోయి రెండేళ్లు తిరక్కముందే పెరుమానల్లూరు జరిగింది. 1965 కాల్పుల కోపం మీద అధికారంలోకి వచ్చిన పార్టీయే అప్పుడు ప్రభుత్వంలో ఉంది. ఊరేగింపుల్లోంచి పుట్టిన పాలకులు ఊరేగింపు మీద కాల్పులు జరిపించారు. పొల్లాచ్చికీ పెరుమానల్లూరుకీ మధ్య అయిదేళ్లు, కొన్ని మైళ్లు. ప్రతిపక్షంలో ఉన్నప్పటి నోరు, అధికారంలో ఉన్నప్పటి చెవి ఒకే మనిషివి కావాలన్న చిన్న కోరిక కూడా ఆ అయిదేళ్లలో తీరలేదు.

సుబ్రమణ్యం దగ్గరికే మళ్లీ రావాలి, ఎందుకంటే ఆయన కథ ఇంకా అయిపోలేదు. 1965లో భాష కోసం రాజీనామా ఇచ్చిన మనిషి 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు ఇందిరా గాంధీ మంత్రివర్గంలో ఆర్థిక మంత్రి. ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉన్నారు, పత్రికలకు సెన్సారు, 1976 జనవరి 31న తమిళనాడు ప్రభుత్వం రద్దు. ఆయన మంత్రివర్గంలోనే ఉండిపోయారు. గొప్పవాళ్ల స్మారకసభల్లో ఇలాంటి పేజీని తిప్పేయడం అలవాటు. తిప్పేయకూడదు. పొల్లాచ్చి తన బిడ్డల్లో అందరికంటే పెద్దవాడని గర్వపడే మనిషి మౌనంగా ఉన్న ఆ 21 నెలల ఖర్చు ఆయన మోయలేదు, దేశం మోసింది. గౌరవించే మనిషి గురించి ఈ మాట అనలేకపోతే గిట్టని మనిషి గురించి ఏం అన్నా అది కక్ష అవుతుంది.

మూడో ఘట్టం 1993 జనవరి. ఆయన మహారాష్ట్ర గవర్నరు. అంతకు నెల ముందే బాబ్రీ మసీదు కూలింది, బొంబాయి అల్లర్లతో మండుతోంది. గోవాలో సెలవులో ఉన్నప్పుడు ఆయన ప్రధాని పి. వి. నరసింహారావు పనితీరును విమర్శించారు. ఆ మాటలు పత్రికల్లోకి ఎక్కాయి. గవర్నరు ప్రధానిని విమర్శించడం మర్యాద కాదన్న వాదన వచ్చింది. ఆయన పదవి వదిలేశారు. విమర్శ సరైనదా కాదా అని ఎవరైనా వాదించుకోవచ్చు. పీవీ మౌనం కొన్నిచోట్ల దేశాన్ని నిలబెట్టింది, 1992 డిసెంబరు 6న నిలబెట్టలేదు. ఈ రెండో సంగతి చెప్పడానికి తెలుగువాళ్లు వెనకాడనక్కర్లేదు. ఇక్కడ లెక్కకు వచ్చేది వేరే. 82 ఏళ్ల వయసులో, తన నోటి మాట ఖర్చును సుబ్రమణ్యం తన ఖాతాలోనే రాసుకున్నారు. అది తన మాట కాదని బుకాయించి కుర్చీలో కూర్చోలేదు.

పొల్లాచ్చి నుంచి దక్షిణంగా, మదురై దాటి వెళితే వైకో. కళింగపట్టిలో తెలుగు మాతృభాషగా పెరిగి, తమిళ వేదికల మీద గంటల తరబడి సభను కట్టిపడేసే వక్త. 2002 జూన్ 29న మదురై పక్కన తిరుమంగళంలో ఎల్‌టీటీఈని సమర్థిస్తూ మాట్లాడారు. జూలైలో జయలలిత ప్రభుత్వం ఉగ్రవాద నిరోధక చట్టం పోటా కింద అరెస్టు చేసింది. వేలూరు జైల్లో 19 నెలలు గడిపారు. అదే సంవత్సరం మార్చిలో పార్లమెంటు పోటాను ఆమోదించినప్పుడు ఆయన పార్టీ ప్రభుత్వ కూటమిలో ఉండి ఆ బిల్లును సమర్థించింది. తాను ఓటేసిన చట్టంలో తానే చిక్కుకోవడం చూసి అప్పట్లో చాలామంది నవ్వారు. అది నవ్వవలసిన విషయం కాదు. చట్టం చేసేటప్పుడు ఎదుటివాడి మీద పడుతుందని మాత్రమే అనుకున్న చట్టసభల సభ్యులందరికీ అది పాఠం. జైలుకు వెళ్లడం ఆయన మాటకు ఆయనే చెల్లించిన మూల్యం, అందులో సందేహం లేదు. కానీ 2006 ఎన్నికల్లో తనను జైల్లో పెట్టిన జయలలిత పక్కనే ఆయన వేదిక పంచుకున్నారు. జైల్లో ఆయన చెల్లించిన 19 నెలలకు విలువ కట్టినవాళ్లు, ఆయన కోసం వీధికెక్కిన పల్లెటూరి కుర్రాళ్లు, ఆ వేదిక కింద నిలబడి ఏమనుకోవాలి? వక్త మనసు మార్చుకోవచ్చు. ఎందుకు మార్చుకున్నాడో తన మాట నమ్మి నష్టపోయినవాళ్లకు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సంగతి ఈ సభకు దూరం కాదు. పెరుమానల్లూరు తర్వాత ముప్పై ఏళ్లకు, 2000 ఆగస్టు 28న, హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద ఊరేగింపు. అక్కడా కాల్పులే, అక్కడా ముగ్గురే చనిపోయారు. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం పెట్టారు. తమిళనాడులో ఆ పని అంతకు పధ్నాలుగేళ్ల ముందే, నారాయణస్వామి నాయుడు చనిపోయాక, జరిగిపోయింది. రెండు రాష్ట్రాల్లోనూ సంతకం పెట్టినవారి బొమ్మలు కూడళ్లలో ఉన్నాయి. ఆ సంతకానికి ముందు చెల్లించినవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

తెలుగు రాజకీయాల్లో మాట ఎంత పని చేయగలదో 1982 చూపించింది. ఆ ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను నలుగురి ముందు చులకన చేశారు. మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. తొమ్మిది నెలలకు కాంగ్రెస్ ఓడింది. ఒక అవమానం ఖర్చు అన్నవాళ్ల ఖాతాలోనే పడ్డ అరుదైన సందర్భమది. తర్వాతి రోజుల్లో ఆ ఖాతా మారిపోయింది. 2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మాటలు చంద్రబాబు నాయుడి భార్య మీదికి వెళ్లాయని తెలుగుదేశం ఆరోపించింది. ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి ఆయన సభ నుంచి బయటికి నడిచారు, విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. 2024లో అన్నట్టే తిరిగి వచ్చారు. 2021లో పాలించిన పార్టీ అప్పుడు 11 స్థానాలకు తగ్గిపోయి, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు దూరమైంది. రెండు ఘట్టాల్లోనూ నాయకులకు తమ తమ కారణాలున్నాయి. సభలో లేని స్త్రీ మీదికి మాట పోవడం ఎవరూ సమర్థించలేనిది. కానీ ఏళ్ల తరబడి సభకు వెళ్లకపోతే, ఓటు వేసి పంపిన నియోజకవర్గానికి నోరు లేకుండా పోతుంది. ఆత్మగౌరవం నాయకుడిది, ఖర్చు ఓటరుది.

ఇప్పుడు ఈ నేలమీది తెలుగువాళ్లకు నేరుగా తగిలిన మాటలు. 2024 నవంబరు 3న చెన్నైలో ఒక సభలో నటి కస్తూరి మాట్లాడుతూ, మూడు వందల ఏళ్ల కిందట రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చినవాళ్లు తెలుగువాళ్లన్న అర్థం వచ్చేలా అన్నారు. మదురైలోనూ కేసు పెట్టారు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందస్తు బెయిలు నిరాకరించింది. హైదరాబాద్‌లో అరెస్టయ్యారు. మాటలు అప్పటికే వెనక్కి తీసుకున్నారు. ఆ వారమంతా కోయంబత్తూరు, మదురై నాయుడు సంఘాలు ఆగ్రహించాయి. విశ్వనాథ నాయకుడి నుంచి నేటి మిల్లుల దాకా వంశచరిత్రలు చదివారు. ఆ కోపంలో న్యాయముంది.

కానీ ఆ కోపం ఒక మెట్టు ముందే ఆగిపోయింది. కొంగునాట ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లంటే నాయుళ్లు, రెడ్లు, దేవాంగులు మాత్రమేనా? పారిశుద్ధ్య పనుల్లో, తోళ్ల పనుల్లో, పొలాల్లో కూలి చేసే అరుందతియర్లలో ఎంతోమందిది తెలుగే. 2023 ఫిబ్రవరిలో ఈరోడ్ తూర్పు ఉపఎన్నిక ప్రచారంలో సీమాన్ వాళ్లను వలసవచ్చినవాళ్లుగా చెప్పిన ప్రసంగం మీద కేసు నమోదైంది. అప్పుడు ఈ సంఘాల్లో ఎన్ని తీర్మానం చేశాయి? మిల్లు యజమానిని పరాయివాడంటే ఆయనకు బాధ కలుగుతుంది, ఆస్తి పోదు. తెల్లవారుజామున చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చే మనిషిని పరాయివాడంటే, 2009లో ఆ కులాలకు ఇచ్చిన మూడు శాతం ఉపకోటా కూడా ఆ మాటతో పాటే ప్రశ్నార్థకమవుతుంది. ఆ కోటాను కోర్టుల్లో సవాలు చేశారు. ఇలాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ అనిశ్చితి తీరలేదు. వేదిక మీద ఒక నిమిషం మాట, కింద పదిహేనేళ్ల బెంగ.

తెలుగువాళ్లు ఈ విషయంలో చేతులు కడుక్కోవడానికి లేదు. తెలంగాణ ఉద్యమ కాలంలో అటువాళ్ల తిండిని ఇటువాళ్లు, ఇటువాళ్ల యాసను అటువాళ్లు ఎంతగా వెక్కిరించారో అందరికీ గుర్తుంది. రైతు ఉద్యమాన్నీ ఇదే కొలబద్దతో చూడాలి. 1970లలో రైతు అన్న మాట వేదిక మీద అందరినీ కలుపుకున్నట్టే వినిపించింది. కానీ కోర్కెల పట్టీలో కరెంటు ధర ఉన్నంత ముందు వరుసలో కూలి రేటు లేదు. 1982లో నారాయణస్వామి నాయుడు పెట్టిన పార్టీ పేరులో రైతులతో పాటు శ్రామికులూ వచ్చారు. పేరులో వచ్చినంత తొందరగా పక్కన కూర్చోవడానికి రాలేదు. నారాయణస్వామి నాయుడి పేర జరిగే సభలో ఇది చెప్పడం ఆయనకు అగౌరవం కాదు. లెక్క చెప్పడం ఆయనే నేర్పారు.

కోయంబత్తూరులో 2024 సెప్టెంబరులో జరిగిన ఒక సంఘటన చిన్నదిగా కనిపించవచ్చు. వ్యాపారులతో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ సమావేశం. అన్నపూర్ణ హోటళ్ల యజమాని లేచి, ఉత్తి బన్నుకు జీఎస్‌టీ లేదు, క్రీము పెడితే 18 శాతం, కొనేవాళ్లు బన్ను వేరే క్రీము వేరే ఇమ్మంటున్నారని చెప్పారు. సభ నవ్వింది. చెప్పింది నిజం, చెప్పిన తీరు సరదా. కొంగునాడు వ్యాపారి మంత్రితో మాట్లాడే తీరే అది. మర్నాడు ఆయన మంత్రిని విడిగా కలిసి క్షమాపణ చెబుతున్న వీడియో బయటికి వచ్చింది. దాన్ని వ్యాప్తి చేసింది మంత్రి పార్టీవాళ్లే. ఆ పార్టీ అప్పటి రాష్ట్ర అధ్యక్షుడు అణ్ణామలై అందుకు విచారం తెలిపారు. విచారం తెలపడం మంచి పని, మన నాయకుల్లో అది అరుదు. అయినా వేల మంది చిన్న వ్యాపారులు ఆ వీడియో చూశారు. మరోసారి మంత్రి ముందు చేయి ఎత్తే ముందు వాళ్లు ఆలోచించుకుంటారు. ఇక్కడ మాట అన్నది పౌరుడు, ఖర్చు భరించింది కూడా పౌరుడే. నాయకుల భాష గురించి చర్చించినంతగా వాళ్ల వినికిడి గురించి దేశం చర్చించడం లేదు.

పొల్లాచ్చి పేరు చెబితే దేశానికి ఇప్పుడు గుర్తుకొచ్చేది కొబ్బరితోటలు కాదు, 2019 నాటి ఆ కేసు. ఈ ఊళ్లో నిలబడి దాన్ని దాటవేయడం పిరికితనం అవుతుంది.

యువతులను మోసంతో పిలిపించి, అత్యాచారాలు చేసి, వీడియోలు తీసి బెదిరించిన ముఠా అది. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరును పోలీసు అధికారి విలేకరుల సమావేశంలో పలికారు. కేసును సీబీఐకి అప్పగించే ప్రభుత్వ ఉత్తర్వులోనూ పేరు అచ్చయింది. చట్టం స్పష్టంగా వద్దన్న పని రాష్ట్రమే చేసింది. ఆమెకు 25 లక్షల పరిహారం ఇవ్వమని మదురై ధర్మాసనం ఆదేశించింది. ఒక అధికారి నోట్లోంచి జారిన పేరు వెనక్కి తీసుకోవడానికి ఏ సొమ్మూ సరిపోదు. తర్వాత ఎంతమంది బాధితులు ముందుకు రావడానికి భయపడ్డారో ఊహించుకోవచ్చు. లోక్‌సభ ఎన్నికలు అప్పుడే వచ్చాయి. ప్రతి పార్టీ వేదిక మీదా పొల్లాచ్చి వినిపించింది. ఎదుటి పార్టీవాడి మనుషులే చేశారని ఒకరు, రాజకీయం చేస్తున్నారని ఇంకొకరు.

ఆరేళ్ల తర్వాత కూడా అదే తీరు. 2025 జనవరిలో శాసనసభలో ముఖ్యమంత్రి స్టాలిన్, ప్రతిపక్ష నాయకుడు పళనిస్వామి ఫిర్యాదు అందాక కేసు నమోదు చేయడానికి ఎంత సమయం పట్టిందని వాదులాడుకున్నారు. ఆధారాలు తెచ్చి సభాపతి ముందు పెట్టారు. ఆలస్యం నిజంగా ముఖ్యమైన విషయమే. కానీ ఆ వాదన నడిచింది ఎవరి ప్రభుత్వం మంచిదని తేల్చడానికి. మే 13న కోయంబత్తూరు మహిళా కోర్టు ముఠాలోని తొమ్మిది మందికీ చనిపోయేదాకా జైలు శిక్ష వేసింది. బాధితులకు మొత్తం 85 లక్షలు ఇవ్వమంది. తీర్పు వచ్చిన గంటల్లోనే రెండు పార్టీలూ దాన్ని తమ గెలుపుగా చెప్పుకున్నాయి.

గెలిచింది ఎవరు? కోర్టులో ఎనిమిది మంది స్త్రీలు సాక్ష్యం చెప్పారు. ఇంట్లో చెప్పుకోలేని సంగతులు న్యాయమూర్తి ముందు చెప్పారు. ఒక్క సాక్షీ మాట మార్చలేదు. పొల్లాచ్చిలో ఈ అరవై ఏళ్లలో పలికిన మాటలన్నిటిలో అంత ఖరీదైన మాటలు లేవు. పొగడ్త కోసం, ఓటు కోసం, పదవి కోసం పలికినవి కావవి. వాటిని పలికినవాళ్లు ఆ ఖర్చు మొత్తం తామే భరించారు. ఒక రాజకీయ వేదిక మీద ఎవరైనా ఆ కేసును తమ ఘనతగా చెప్పుకోబోతే, కింద కూర్చున్నవాళ్లు ఆపమనాలి. గట్టిగానే ఆపమనాలి.

ఇక ఈ తాలూకాకు ప్రతి ఎన్నికలోనూ తిరిగి తిరిగి వచ్చే ఒక వాగ్దానం గురించి. పరంబికుళం–ఆళియారు ఒప్పందం మీద 1970 మే 29న తమిళనాడు, కేరళ సంతకాలు పెట్టాయి, 1958 నుంచి అమలు అన్న షరతుతో. కామరాజు కాలంలో తక్కువ మాటలతో మొదలైన పని అది. ఆయన ప్రసిద్ధమైన జవాబు ఒక్కటే, 'పార్కలాం' అనేవారు, చూద్దాం అని. చూద్దామన్న మనిషి కాలంలోనే ఆనకట్టలు లేచాయి. ఆ పథకంలో మిగిలిపోయిన ఆనైమలైయారు–నల్లారు పనిని పూర్తి చేస్తామని పార్టీలు తరాలుగా చెబుతూనే ఉన్నాయి. కేరళ ఇడమలయారు ఆనకట్ట కట్టుకున్నాక తమిళనాడు తన భాగం చేపట్టవచ్చన్నది ఒప్పందంలోని ఏర్పాటు. ఇడమలయారు 1985లోనే పూర్తయింది. అప్పటి నుంచి రెండు ద్రావిడ పార్టీలూ రాష్ట్రాన్ని పాలించాయి, వాటితో కలిసినవాళ్లు కేంద్రాన్ని పాలించారు. కాలువ చివర ఉన్న తోటవాడు మాత్రం బోరును మరికొంత లోతుకు దించుకుంటూ పోతున్నాడు. నిలబెట్టుకోని వాగ్దానం ఖర్చు అడుగుల్లో కొలవవచ్చు. ఉడుమలైపేట, పొల్లాచ్చి మధ్య ఏ తోటలో అడిగినా చెబుతారు.

కాబట్టి వేదిక ఎక్కే ప్రతి అభ్యర్థినీ ఈ ఊరి రైతులు, కూలీలు, వ్యాపారులు కలిసి నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి. ఆనైమలైయారు–నల్లారు గురించి మీ పార్టీ అధికారంలో ఉండగా కేరళకు ఏ తేదీన ఏమని రాసింది, ఏ జవాబు వచ్చింది? మీ హామీల్లో ఏది లక్ష్యం, ఏది నిశ్చయం? అరుందతియర్ల గురించి, తెలుగువాళ్ల గురించి మీ వేదిక మీద ఎవరైనా నీచంగా మాట్లాడితే అక్కడికక్కడే ఖండిస్తారా? 2019 కేసును ప్రచారంలో వాడుకోబోమని సంతకం పెడతారా? జవాబు ఇచ్చినవాళ్ల జవాబులు, ఇవ్వనివాళ్ల ఖాళీ కాగితాలు, రెండూ అచ్చువేసి మంగళ, గురువారాల సంతలో పంచాలి. తమిళంలోనూ తెలుగులోనూ.